పదిహేను నిమిషాల దూరం

నిజామాబాద్ చుట్టుపక్కల వెంచర్ల కరపత్రాలు ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. దూరం కిలోమీటర్లలో కనిపించడం అరుదు. 'బస్టాండుకు పదిహేను నిమిషాలు', 'కలెక్టరేటుకు పది నిమిషాలు', 'జాతీయ రహదారికి కూతవేటు దూరం' అని ఉంటుంది. గజం ధర మాత్రం రూపాయల్లో, పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కిలోమీటర్లు రాస్తే ఎవరైనా కొలిచి చూస్తారు. నిమిషాలైతే ఎవరి గడియారం వారిది.

ఆ పదిహేను నిమిషాలు ఎవరివి? ఆదివారం పొద్దున ఏజెంటు కారువి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని, దారిలో చాయ్ తాగించి, "చూసినవా అన్నా, మాట్లాడుకుంటనే వచ్చేసినం" అని దింపేటప్పటి లెక్క అది. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ముందొక పిల్లను, వెనకొక పిల్లను కూర్చోబెట్టుకున్న బైకుకు ఆ లెక్క సరిపోదు. బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డవాళ్లకు అసలే సరిపోదు. మాధవనగర్ రైలు గేటు పడినప్పుడు బస్సుల్లో కూర్చుని ఏళ్లపాటు గూడ్సు డబ్బాలు లెక్కపెట్టిన ఉద్యోగులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ కాలంలో కట్టుకున్న ఇల్లు ఊళ్లోనే ఉండేది. అందుకే, ఆ ఇంటి నుంచి రోజూ పనికి పోయి చూడు అనే మూడో ముక్క చేర్చాల్సిన అవసరం వాళ్లకు రాలేదు.

నిజామాబాద్ పెరిగిన తీరే విచిత్రం. 2001 జనాభా లెక్కల్లో పట్టణంలో దాదాపు 2.9 లక్షల మంది ఉన్నారు. 2011 నాటికి 3.11 లక్షలయ్యారు. పదేళ్లలో పెరుగుదల ఎనిమిది శాతం లోపే. అదే కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 11 శాతం పెరిగింది. పక్క మండలాల నుంచి జనం వచ్చి పడుతున్న జిల్లా కేంద్రం, రాష్ట్రం కంటే నెమ్మదిగా పెరగడమేమిటి? జనం రాక కాదు. వచ్చినవాళ్లు, ఉన్నవాళ్లలో ఇల్లు కట్టుకోగలిగినవాళ్లు మున్సిపాలిటీ గీత దాటి అవతల దిగారు. హైదరాబాద్ రోడ్డు, ఆర్మూర్ రోడ్డు, బోధన్ రోడ్డు, వర్ని రోడ్డు... చేతి వేళ్లలా నాలుగు దిక్కులకూ ఊరు సాగిపోయింది. వేళ్ల మధ్య మాత్రం పొలాలు అలాగే ఉండిపోయాయి. ఆ తర్వాత ముబారక్‌నగర్, బోర్గాం, గూపన్‌పల్లి లాంటి ఊళ్లు నగరపాలక సంస్థలో కలిశాయి. యాభై డివిజన్లు అరవై అయ్యాయి. 2017లో నిజామాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ వచ్చింది. ఊరు ముందు పోయింది, కాగితం వెనక నడిచింది.

భూమి ఎలా గజాలవుతుందో చూస్తే ధరల సంగతి కొంత తెలుస్తుంది. ఎకరానికి నలభై గుంటలు. గుంటకు 121 గజాలు. అంటే ఎకరం 4,840 గజాలు. రోడ్లకు, పార్కుకు వదలాల్సిన పది శాతానికి పోగా అమ్ముకోవడానికి మిగిలేది సుమారు 2,800 గజాలు. రైతుకు ఇచ్చిన ధరను దానితో భాగించి, మట్టి రోడ్డు, కరెంటు స్తంభాలు, ఏజెంట్ల కమీషన్, వెంచరు యజమాని లాభం కలిపితే గజం ధర తేలుతుంది. కొనేది ఎకరం లెక్కన, అమ్మేది గజం లెక్కన. ఈ రెంటి మధ్య ఉన్నదే రియల్ ఎస్టేట్.

ఇక కొనేవాళ్లెవరు? ఇల్లు కట్టుకుందామని కొనేవాళ్లు కొందరే. ఆర్మూర్, బాల్కొండ, బోధన్ పల్లెల నుంచి దుబాయ్, మస్కట్, సౌదీ వెళ్లినవాళ్లకు ప్లాటే బ్యాంకు. ఎండలో నిలబడి సంపాదించిన పైసలు కరిగిపోకుండా ఉండాలంటే వాళ్లకు తెలిసిన దారి అది. తప్పు పట్టడానికేం లేదు. కానీ దాని ఫలితం ఊరు మొత్తం మీద పడుతుంది. ఊరికి దగ్గరగా ఉన్న ప్లాట్లలో ఏళ్ల తరబడి హద్దురాళ్లు, సర్కారు తుమ్మ చెట్లు తప్ప ఇళ్లు లేవవు. ధర మాత్రం పెరుగుతూ ఉంటుంది. నిజంగా ఇల్లు కావాల్సిన మాస్టారు, మెకానిక్కు, నర్సు ఆ ఖాళీ ప్లాట్లన్నీ దాటుకుంటూ ఇంకో ఐదు కిలోమీటర్లు ముందుకు పోవాల్సి వస్తుంది. అక్కడ చవక. చవకేనా?

ఒక లెక్క వేద్దాం. ఇందులో అంకెలు నమూనాకు తీసుకున్నవే. ఎవరి అంకెలు వాళ్లు పెట్టుకోవచ్చు, పెన్నూ కాగితం ఉంటే చాలు.

ఊళ్లో, పనికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక ఇల్లు. ఊరి బయట, పన్నెండు కిలోమీటర్ల దూరంలో అలాంటిదే ఇంకో ఇల్లు. బయటి ఇల్లు ఐదు లక్షలు తక్కువ. ఐదు లక్షలంటే మాటలా అనిపిస్తుంది. అయితే మనం ఆ సొమ్ము చేతికిచ్చి కొనడం లేదు, అప్పు చేసి కొంటున్నాం. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, ఇరవై ఏళ్ల గడువుకు ఐదు లక్షల అప్పు మీద నెల వాయిదా దాదాపు 4,340 రూపాయలు. బయటికి పోయినందుకు నెలనెలా మిగిలేది అదీ. ఐదు లక్షలు కాదు.

ఇప్పుడు రెండో పద్దు. రానూపోనూ 24 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు, మొత్తం 624 కిలోమీటర్లు. లీటరుకు యాభై ఇచ్చే బండికి పన్నెండున్నర లీటర్లు. లీటరు 108 అనుకుంటే 1,350 రూపాయలు. ఊళ్లోనే ఉంటే రెండు లీటర్లతో, 225తో పోయేది. తేడా 1,100 పైచిలుకు. ఇద్దరు పిల్లల బడి వ్యాను. ఊళ్లో ఉంటే నడిచి పోయేవాళ్లు, లేదా ఆటోలో సగం ఖర్చుతో పోయేవాళ్లు. ఇక్కడ తేడా 1,500 అనుకుందాం. ఊళ్లో ఒక్క బండితో గడిచిన ఇంటికి బయట రెండోది తప్పదు. ఆయన బండి వేసుకొని పోతే ఇంట్లో ఆమెకు కూరగాయలకైనా, ఆసుపత్రికైనా దారేది? స్కూటీ ధరను ఎనిమిదేళ్లకు పంచితే నెలకు 900, పెట్రోలుకు 600. టైర్లు, సర్వీసింగు, ఇన్సూరెన్సు కలిపి నాలుగు వందలు. మొత్తం 4,500.

మిగిలింది 4,340. పోయింది 4,500.

ఇందులో ట్యూషన్ నుంచి పిల్లను తీసుకురావడం లేదు. అర్ధరాత్రి జ్వరమొస్తే ఖలీల్‌వాడీ ఆసుపత్రులకు ఆటో కిరాయి లేదు. టైము ఖర్చూ లేదు. ఒక్కో వైపు పాతిక నిమిషాలు ఎక్కువ పడితే రోజుకు యాభై, ఏడాదికి 260 గంటలు. ఎనిమిది గంటల పనిదినాలుగా చూస్తే 32 రోజులు. ఇంకో తేడా కూడా ఉంది. ఇంటి అప్పు ఇరవై ఏళ్లకు తీరిపోతుంది. పన్నెండు కిలోమీటర్లు తీరవు. రిటైరయ్యాక, బండి నడపలేని వయసులో కూడా అవి అక్కడే ఉంటాయి.

అలాగని దూరం ఎప్పుడూ నష్టమే అనలేం. రెండు ఇళ్లకూ తేడా పదిహేను లక్షలుంటే నెలకు పదమూడు వేలు మిగులుతాయి. అంత సొమ్మును పెట్రోలు తినలేదు. ఊళ్లో ధర మరీ పైకి పోయినప్పుడు బయటికి వెళ్లడం తెలివైన పనే కావచ్చు. చిక్కల్లా ఎక్కడంటే, చాలా ఇళ్లలో మొదటి పద్దు ఒక్కటే వేస్తారు. ఆ పద్దుకు బ్యాంకు మేనేజరు, డాక్యుమెంటు రైటరు, బావమరిది అందరూ సాయం పడతారు. రెండో పద్దును వేసేవాళ్లుండరు. అది నోటు నోటుగా, పెట్రోలు బంకు దగ్గర, నెలంతా కొద్దికొద్దిగా పోతుంది కాబట్టి కనిపించదు.

అమెరికాలో చికాగోకు చెందిన సెంటర్ ఫర్ నైబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ ఈ రెండు పద్దుల్నీ ఒక్కటిగా కలిపి చూడాలని 2000ల మధ్య నుంచి చెబుతోంది. ఇంటికి ఆదాయంలో 30 శాతం దాటకపోతే భరించగలిగినట్టే అన్నది అక్కడి పాత సూత్రం. ఆ సంస్థ దానికి రాకపోకలకు 15 శాతం కలిపి, రెండూ కలిసి 45 లోపు ఉండాలంది. అలా చూసేసరికి చవక అనుకున్న శివారు కాలనీలు చాలా చోట్ల ఖరీదైనవిగా తేలాయి. కార్ల దేశం లెక్క మనకు యథాతథంగా పనికిరాదు. కానీ కూడిక కూడికే కదా.

మన జిల్లాలో ఆ కూడిక కార్లకు కాదు, కాళ్లకు సంబంధించింది. ఇక్కడి ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లు వేల మంది. వాళ్లకు ఇల్లే పనిచోటు కాబట్టి ఎక్కడున్నా ఒకటే అనిపిస్తుంది. నిజం వేరు. తునికాకు, తంబాకు, దారం తెచ్చుకోవాలి. ఆకు తడపాలి, కత్తిరించాలి, చాట ఒళ్లో పెట్టుకొని చుట్టాలి. చుట్టిన బీడీలను కట్టలు కట్టి మళ్లీ కార్ఖానాలో అప్పజెప్పాలి. అక్కడ ఏరివేతలో పోయినవి పోగా మిగిలినవాటికే కూలి. ఆ కార్ఖానా నడిచి పోయేంత దూరంలో ఉన్నంత కాలం ఈ పని సాగుతుంది. కార్ఖానాకు ఆటోలో పోవాల్సి వస్తే, రానూపోనూ కిరాయి కింద ఆనాటి బీడీల్లో కొన్ని వందలు పోయినట్టే. ప్రభుత్వం ఊరి చివర పట్టా ఇస్తే, ఇల్లిస్తే కొందరు ఎందుకు వెళ్లరో, వెళ్లినా తాళం వేసి మళ్లీ బస్తీలో కిరాయికి ఎందుకొస్తారో ఇందులో ఉంది. 'ఇల్లిచ్చినా ఉండరు' అని ఆఫీసుల్లో విసుక్కుంటారు. వాళ్లు రెండో పద్దు వేసుకున్నారు, అంతే.

హైదరాబాద్‌లోనూ ఇదే కనిపించింది. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 రెండు పడకగదుల ఇళ్ల కాలనీ ప్రారంభమైంది. అవుటర్ రింగు రోడ్డు అంచున, లిఫ్టులతో, రోడ్లతో పెద్ద ఊరంత కట్టారు. నగరం నడిబొడ్డు బస్తీల వాళ్లకు ఇల్లు వచ్చింది. వాళ్లు చేసే పని, తోమే గిన్నెలు, అమ్మే బండి మాత్రం పాత బస్తీ దగ్గరే ఉండిపోయాయి.

పనికి ఇల్లు దగ్గరగా ఉండటమంటే ఏమిటో ఈ జిల్లాకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. బోధన్ పక్కనే శక్కర్‌నగర్ ఉంది.

1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, మంజీర నీటిని రెండు లక్షల డెబ్బై ఐదు వేల ఎకరాలకు అందించేలా తయారైంది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి కాలువల వెంట పొలాలు కొన్నారు. పొలం పక్కనే గుడిసె, తర్వాత పెంకుటిల్లు, తర్వాత మిద్దె. వాటికి క్యాంపులన్న పేరు నిలిచిపోయింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు పేరు పొందిన కర్మాగారం. దానికి వేల ఎకరాల సొంత చెరకు క్షేత్రాలుండేవి. ఫ్యాక్టరీ చుట్టూ కార్మికులకు క్వార్టర్లు, బడి, ఆసుపత్రి కట్టారు. ఇంటికీ పనికీ మధ్య దూరం సైరన్ వినిపించేంత. సైరన్ విని బువ్వ తిని సైకిలెక్కినా షిఫ్టుకు అందుకునేవాళ్లు. చెరకు బండి, చక్కెర బస్తా, రైలు పట్టా, కార్మికుడి ఇల్లు అన్నీ ఒక్కచోటే. చెరకును కోసిన వెంటనే ఆడాలి, ఆలస్యమైతే బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. కాబట్టి కర్మాగారం చెరకు దగ్గరికి రావాల్సిందే. మనుషుల విషయంలోనూ అదే సూత్రం పాటించారు. దొరతనం, కంపెనీ అదుపు అందులో లేవని కాదు. ఉద్యోగం పోతే ఇల్లూ పోయే బతుకు అది. కానీ జీతంలో రాకపోకల పద్దు అనేదే లేకుండా ఒక తరం పిల్లల్ని చదివించుకుంది.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి, ముంబోజిపల్లి మూడు యూనిట్లూ లేఆఫ్‌తో మూతపడ్డాయి. 2024 జనవరిలో ప్రభుత్వం పునరుద్ధరణ మీద కమిటీ వేసింది. దాని గురించి బోధన్‌లో ఎంత ఆశ ఉందో అంత అనుమానమూ ఉంది. మూత పడటంతో పోయింది ఉద్యోగాలొక్కటే కాదు, దగ్గరితనం కూడా. పట్టువదలని చెరకు రైతు తన లారీని కామారెడ్డి జిల్లా మిల్లులకు పంపాల్సి వచ్చింది. మిగిలినవాళ్లు వరికి మళ్లారు. కార్మికుల పిల్లలు పని కోసం నిజామాబాద్ బస్సెక్కారు. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చక్కెరకు పనికొచ్చిన జానకంపేట–బోధన్ రైలు దారి ఉండనే ఉంది. ఆఫీసు వేళలకు నమ్ముకొనేటట్టు బండ్లు ఉంటే కదా.

విచిత్రమేమిటంటే, ఇప్పుడు బోధన్‌లో ఉండి నిజామాబాద్‌లో పని చేయడం కొందరికి ఊరి బయటి వెంచరులో ఉండటం కంటే సులువు. ముఖ్యంగా ఆడవాళ్లకు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. బట్టల దుకాణంలో పని చేసే అమ్మాయికి, ప్రైవేటు ఆసుపత్రి నర్సుకు నెలకు రెండు మూడు వేలు మిగలడం అంటే చిన్న జీతం పెరిగినట్టే. కానీ ఉచిత బస్సు బస్సు తిరిగే దారిలోనే దొరుకుతుంది. బోధన్ బస్టాండులో ఎక్కితే నిజామాబాద్ బస్టాండులో దిగొచ్చు. మెయిన్ రోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు లోపలున్న వెంచరుకు ఆ బస్సు రాదు. అక్కడ ఆటోవాడు చెప్పిందే కిరాయి, చీకటి పడితే అది రెట్టింపు. పాతిక కిలోమీటర్లకు రూపాయి ఖర్చు లేదు, చివరి రెండు కిలోమీటర్లకు ముప్పయ్యో నలభయ్యో.

ఇంటికీ పనికీ మధ్య దూరాన్ని ఇల్లు కొన్నవాళ్లే పెంచుతారని కూడా అనుకోవడానికి లేదు. ఆఫీసులు లేచి పోతుంటాయి. తెలంగాణ యూనివర్సిటీ 2006లో డిచ్‌పల్లి దగ్గర వచ్చింది. 2022 సెప్టెంబరులో కలెక్టరేటు నడి ఊళ్లోంచి బైపాస్ వైపు కొత్త భవనాలకు మారింది. అన్ని శాఖలూ ఒక్క కప్పు కిందికి రావడం మంచిదే. కానీ పాత కలెక్టరేటుకు నడిచి పోగలిగిన గుమాస్తాకు ఆ రోజు నుంచి ఇంటి కిరాయి పెరగకుండానే ఇల్లు ఖరీదైంది. పింఛను కాగితం పట్టుకొని బస్టాండులో దిగిన ముసలమ్మకు ఇంకో ఆటో తోడైంది. భవనం నమూనా మీద చర్చ జరిగినంతగా, అక్కడికి బస్సు ఎన్ని నిమిషాలకొకటి అన్నదాని మీద జరిగితే బాగుండేది.

చవక ప్లాటుకు ఇంకో ఖర్చు వెనక నుంచి వస్తుంది. అనుమతి లేని లేఅవుట్లలో కొన్నవాళ్లు 2020లో రెగ్యులరైజేషన్ కోసం పెట్టుకున్న దరఖాస్తులు రాష్ట్రమంతటా దాదాపు 25 లక్షలు. 2025లో రుసుములో పాతిక శాతం తగ్గింపు ఇచ్చి మళ్లీ కట్టించుకున్నారు. ఈ సొమ్ము కూడా గజం ధరలో కలిపి చూడాల్సిందే, ఏజెంటు కలపడు గనక.

ఇన్ని చెప్పాక, మరి ఊళ్లో కొనేంత స్తోమత ఎవరికుంది అని అడగొచ్చు. రెండు వందల గజాలు ఎవరికీ లేదు. ఇక్కడే మన అలవాటు కొంత అడ్డం పడుతుంది. 2020 నాటి కొత్త చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగాలో చిన్న ఇల్లు కట్టుకోవడానికి అనుమతి కోసం తిరిగే పని లేదు. పాత బస్తీలో, అన్నదమ్ములు పంచుకున్న డెబ్బై గజాల్లో కింద ఒక గది, పైన ఒక గది వేసుకుంటే నామోషీ అనుకుంటాం. అదే మనిషి ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో రెండు వందల గజాల్లో గేటు పెట్టుకుంటే గొప్ప. కిరాయికి ఉండటం కూడా అలాంటిదే. బదిలీలయ్యే ఉద్యోగికి, పిల్లలు హైస్కూల్లో ఉన్నవాళ్లకు బడి పక్కన కిరాయి ఇల్లు చాలాసార్లు సొంత ఇంటికంటే చవక. 'కిరాయి పైసలు బూడిదలో పోసిన పన్నీరు' అనేవాళ్లు పెట్రోలు పైసలు ఎందులో పోస్తున్నారో చెప్పరు.

కొనాలనే నిశ్చయించుకున్నవాళ్లు బయానా ఇచ్చే ముందు ఒక పని చేయొచ్చు. ఏజెంటు కారు వద్దనాలి. ఏదైనా సోమవారం, బడి వేళకు, ఆ వెంచరు నుంచి తాము పని చేసే చోటికి, తాము రోజూ పోబోయే పద్ధతిలోనే పోయి చూడాలి. భార్యాభర్తలిద్దరూ, విడివిడిగా. సాయంత్రం చీకటి పడ్డాక మళ్లీ తిరిగి రావాలి. ఆపైన నిజామాబాద్ బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరు దగ్గర నిలబడి, రాత్రి ఎనిమిది దాటాక ఆ దారిలో చివరి బస్సు ఎన్నింటికో, అది ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో అడిగి రాసుకోవాలి.